క్లారినెట్టు మాస్టారి ముందుపన్ను

కొత్తగా పట్టా పుచ్చుకున్న పళ్ళ డాక్టర్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. కాసేపు వినయంగా కూర్చుని, కాఫీ తాగి, చివరికి వచ్చిన పని బయటపెడతారు. "సార్, గవర్నమెంటు పోస్టుకి రాయమంటారా, ప్రైవేటులో చేరమంటారా?" నేను రెంటిలోనూ కాలు పెట్టినవాణ్ణని ఎవరో చెప్పి ఉంటారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ పడవ గట్టిదో చెప్పలేడు, తను నీళ్ళలో ఎట్లా పడ్డాడో మాత్రం చెప్పగలడు. అందుకని సలహా మానేసి, నేను పడిన రోజు గురించి చెబుతాను. వినే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు. నాకూ చెప్పే ఓపిక అంతంత మాత్రమే.

డెబ్బైల మధ్యలో మాట. హైదరాబాదులో బీడీఎస్ చదివి, సర్వీసు కమిషన్ ద్వారా ఉద్యోగం తెచ్చుకుని, విజయవాడలో కాలువ పక్కనున్న ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో చేరాను. కటింగులు పోను చేతికి ఐదారు వందలు వచ్చేవి. నాతో పాటు చేరిన మామూలు డాక్టర్లు సాయంత్రం ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుంటే చాలు, జ్వరాలూ దగ్గులూ వాళ్ళని పోషించేవి. పళ్ళ డాక్టరుకి ఆ వీలు లేదు. కుర్చీ కావాలి, డ్రిల్లు కావాలి, పళ్ళు కట్టే మెకానిక్కు కావాలి. ఇవన్నీ సమకూరాలంటే పొలమన్నా ఉండాలి, పొలమున్న మామగారన్నా ఉండాలి. నాకు రెండూ లేవు.

డ్యూటీ అయ్యాక ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవడానికి అప్పట్లో అనుమతి ఉండేది. అందుకని సాయంత్రాలు గవర్నర్‌పేటలో ఒక క్లినిక్కుకి వెళ్ళేవాణ్ణి. దాని యజమాని కాలేజీలో నాకు పదేళ్ళు సీనియరు, అందరూ పెద్ద డాక్టరు గారనేవాళ్ళు. ఆయన సర్కారు ఉద్యోగం మొహం ఎన్నడూ చూడలేదు. మంచి పనివాడు, నోరు మాత్రం దురుసు. "పొద్దున పళ్ళు పీకి, సాయంత్రం పళ్ళు పెడతావు. నీ అంత నిలకడ లేనివాణ్ణి నేను చూళ్ళేదయ్యా" అని నన్ను ఏడిపించేవాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆసుపత్రి డ్రిల్లు నేను చేరకముందే పాడైంది. బాగు చేయించమని నేను రాసిన కాగితాలకి 'మీ ఉత్తరం అందినది' అని క్రమం తప్పకుండా జవాబు వచ్చేది. సిమెంటు లేదు, తీగ లేదు, పుచ్చు నింపడానికి వెండి లేదు. ఉన్నవల్లా మత్తుమందు సీసాలూ పటకార్లూ. గవర్నర్‌పేటలో గంటసేపు కూర్చుని నిలబెట్టే పన్నుని ఇక్కడ అర నిమిషంలో పీకి పళ్ళెంలో వేసేవాణ్ణి. చేతులు అవే, చదువు అదే. నెలాఖరుకి పైకి పంపే ఫారంలో 'తీసిన పళ్ళు' అని ఒక గడి ఉండేది. నిలబెట్టిన పళ్ళకి గడి లేదు. నా ప్రొబేషను సంగతి ఆ గడే తేలుస్తుందని సూపరింటెండెంటు గారు నేను చేరిన మొదటి వారంలోనే చెప్పారు.

రోజుకి యాభై అరవై మంది వచ్చేవాళ్ళు. వన్‌టౌన్ హమాలీలు, రిక్షావాళ్ళు, కొల్లేటి వైపు నుంచి చేపల బుట్టలతో వచ్చి, అవి అమ్ముడుపోయాక పన్ను పని చూసుకుని పోయే ఆడవాళ్ళు. అందరికీ ఒక్కణ్ణే డాక్టర్ని. అందుకని నాకు ముందున్నాయన ఒక పద్ధతి పెట్టాడు, నేనూ దాన్నే పట్టుకున్నాను. వరండాలో ఎనిమిది మంది పట్టే చెక్క బెంచీ ఉండేది. ఒక చివర మొదలుపెట్టి, నోరు చూడటం, చెడిన పంటి చుట్టూ మత్తు సూది వేయడం, పక్క మనిషి దగ్గరికి జరగడం. ఎనిమిదో మనిషి అయ్యేసరికి మొదటి మనిషికి మొద్దుబారేది. మళ్ళీ మొదటికి వచ్చి పటకారుతో తీసుకుంటూ పోవడమే. దీన్ని మేం 'వరస' అనేవాళ్ళం. కాంపౌండరు పళ్ళెం పట్టుకుని నా వెనకే నడిచేవాడు. పూటకి ఏడెనిమిది వరసలు లాగేవాళ్ళం.

వరి కోసే మనిషి దుబ్బు దుబ్బుకీ తల ఎత్తి చూడడు. నేనూ అంతే. మొదట్లో పేరు అడిగేవాణ్ణి, ఏ ఊరని అడిగేవాణ్ణి. ఆరు నెలలకి మొహాలు చూడటం మానేశాను, నోళ్ళే చూసేవాణ్ణి. దీన్ని అప్పట్లో చురుకుదనం అనుకున్నాను. సూపరింటెండెంటు గారు కూడా అదే అన్నారు.

ఒక శనివారం ఓపీ అయిపోయి చేతులు కడుక్కుంటుంటే ఒకాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచీ. వన్‌టౌన్‌లో పెళ్ళి బ్యాండు నడిపే ముస్లిం పెద్దమనిషి. ఊరేగింపులో అందరికంటే ముందు నడుస్తూ క్లారినెట్టు వాయించేది ఆయనే. కాంపౌండరు ఆయన్ని మాస్టారని పిలిచాడు కాబట్టి నేనూ అలాగే పిలిచాను.

"ఏం మాస్టారూ, పన్ను తీయించుకుంటారా?"

"అయ్యయ్యో, వద్దండీ. తీయకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో అడుగుదామనండీ వచ్చింది."

పై ముందుపన్ను. చిగురు జారిపోయి, వేలితో తాకితే కదులుతోంది. పక్కవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆయన సంచీలోంచి క్లారినెట్టు మూతిముక్క తీసి చూపించాడు. దాని మీద సరిగ్గా ముందుపళ్ళు ఆనేచోట చిన్న గుంట పడి ఉంది.

"ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ ఆనుకుంటేనేనండీ కూడు. ఇది కదుల్తా ఉంటే స్వరం కూడా కదుల్తా ఉంది. మాఘం వస్తోందండీ. పదకొండు పెళ్ళిళ్ళకి అడ్వాన్సులు పుచ్చుకున్నా. నేను ముందు నడవకపోతే మా బ్యాండుని ఎవరు పిలుస్తారండీ?"

సర్కారు డాక్టరందరికీ నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంటుంది, నాకూ ఉండేది: సాయంత్రం క్లినిక్కుకి రండి. అదే అన్నాను. చిగురు శుభ్రం చేసి, పక్కపళ్ళకి కలిపి తీగ కడితే మూడు నాలుగేళ్ళు నిలుస్తుందన్నాను. ఎంతవుతుందని అడిగాడు. చెప్పాను. ఆయన మూతిముక్కని గుడ్డలో చుట్టుకున్నాడు. "సరేనండీ, చూస్తానండీ" అన్నాడు. ఆ 'చూస్తాను' అంటే రానని అర్థం. దాన్ని రోజూ వినేవాణ్ణి, ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజెందుకో మనసు ఊరుకోలేదు.

"బుధవారం ఓపీ అయ్యాక రండి మాస్టారూ. తీగ నేనే తెస్తాను, ఇక్కడే కడతాను" అన్నాను. ఆయన చెయ్యి పైకెత్తి సలాం చేశాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం వరకూ నేను గొప్పవాణ్ణని అనుకుంటూ తిరిగాను. సోమవారం తీగ కొని, చుట్ట చుట్టి, కాగితంలో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను.

మంగళవారం సాయంత్రం పెద్ద డాక్టరు గారు నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఎన్నాళ్ళయ్యా ఈ కూలీ? నాతో భాగస్వామిగా చేరు. మూడో వంతు నీది. ఏడాదిలో ఆ సర్కారు ఉద్యోగానికి రాజీనామా కొట్టు. కాగితాలు రాయించాను. రేపే సంతకాలు. బుధవారం పన్నెండు నుంచి రాహుకాలం, ఆలోపే పడాలి. పదకొండున్నరకల్లా ఇక్కడుండు."

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. ఒక గది ఇల్లు, బొగ్గుల కుంపటి. ఆ రాత్రి మా ఆవిడా నేనూ కుక్కర్ కొనుక్కోవడం గురించి మాట్లాడుకున్నాం. బుధవారం అంటే ఇంకెవరో కూడా వస్తారన్న మాట నాకు తట్టనే లేదు.

మర్నాడు ఆసుపత్రిలో జాతర. పదిన్నరయినా మూడు వరసలు మిగిలి ఉన్నాయి. కంపౌండులో రిక్షాని ఆపి ఉంచి, పరుగులాంటి నడకతో లాగుతున్నాను. కాంపౌండరు ఒకటి రెండుసార్లు "నిదానం సార్" అన్నాడు. మాస్టారు మాటిచ్చిన వేళకంటే ముందే వచ్చి గోడవారగా నిలబడ్డాడట. తన కూతురి పెళ్ళికి వాయించిన మనిషి నిలబడి ఉండటం చూడలేక కాంపౌండరు ఆఖరి వరసలో ఎనిమిదో జాగా చూపించి కూర్చోమన్నాడు. అందులో కాంపౌండరు తప్పేమీ లేదు. కూర్చోబెట్టింది ఆయనే కావచ్చు, చూడాల్సింది నేను.

ఎనిమిదో నోరు. పై ముందుపన్ను, పూర్తిగా వదులు. సూది వేశాను. మళ్ళీ మొదటికి వచ్చాను. చేపలామె దవడపన్ను, హమాలీ దవడపన్ను, ఇంకెవరిదో పిప్పిపన్ను. ఎనిమిదో మనిషి నోరు తెరిచాడు. పటకారు పెట్టాను. బలమే అక్కర్లేకపోయింది. పన్ను పళ్ళెంలో పడ్డాక దూది నొక్కుతూ, "అరగంట ఉమ్మకండి" అన్నాను. ఆ మాట కూడా ఎనిమిది సార్లు ఒకేలా అనేవాణ్ణి.

"కట్టారాండీ?" అన్నాడాయన, మొద్దుబారిన పెదవితో.

అప్పుడు మొహం చూశాను.

ఇన్నేళ్ళలో చాలామందికి చాలా చెప్పాను గానీ, ఆ నిమిషం నాకేమయిందో సరిగ్గా చెప్పలేకపోయాను. చెయ్యి జేబు మీదికి పోయింది. తీగ చుట్ట కాగితంలో అలాగే ఉంది. కాంపౌండరు పళ్ళెం వంక, నా వంక, మాస్టారి వంక చూసి తల దించుకున్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాట మాత్రం బాగా గుర్తుంది.

"పన్ను నిలవలేదు మాస్టారూ. ముట్టుకోగానే వచ్చేసింది."

సగం నిజం. ముట్టుకోగానే వచ్చేసిన మాట నిజమే, ఎందుకు ముట్టుకున్నానన్నది చెప్పలేదు. ఆయన నాలికతో గుంటని తడుముకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అల్లా ఇష్టం" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, అదే చేశాను. ఆయన్ని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, పన్ను శుభ్రం చేసి, తిరిగి గుంటలో నిలిపి, పక్కపళ్ళకి తీగతో బిగించాను. చిగురు బాగున్న పన్నయితే అలా పెట్టింది అతుక్కోవచ్చు. ఇది అతుక్కోదని నాకు తెలుసు. అయినా గంటన్నర కూర్చుని జీవితంలో ఎన్నడూ కట్టనంత అందంగా కట్టాను. పన్నెండు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. రిక్షావాడు విసుగెత్తి వెళ్ళిపోయాడు.

గవర్నర్‌పేట చేరేసరికి రెండు. కాగితాలు రాసిన ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు. పెద్ద డాక్టరు గారు కోపంగా ఉన్నారు. జరిగింది దాచకుండా చెప్పాను. విన్నాక ఆయన కోపం తగ్గి నిదానంగా అన్నారు.

"ఆ పన్ను ఎట్లాగూ పోయేదేనయ్యా. ఎవరికీ చెప్పకు. నా దగ్గర ఇట్టాంటిది ఒక్కసారి జరిగితే క్లినిక్కు మూసుకోవాలి. నీకేం, సర్కారు! రేపు మళ్ళీ అరవై మంది వచ్చి నోళ్ళు తెరుస్తారు."

ఓదార్చడానికే అన్నారు.

పన్ను మూడు వారాలు నిలిచింది. హనుమాన్ జంక్షన్ అవతల ఒక పెళ్ళి ఊరేగింపులో, పాట మధ్యలో, తీగతో సహా ఊడి నోట్లోకొచ్చింది. మర్నాడు దాన్ని రుమాలులో పెట్టి తెచ్చాడు. కోపం లేదు. అంత శ్రమ పడి కట్టినా నిలవనందుకు నా ముందు తనే నొచ్చుకున్నట్టున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ మాఘం, ఫాల్గుణం ఆయన బ్యాండులో వెనక నడిచాడు. ఒక సాయంత్రం క్లినిక్కు కిటికీలోంచి చూశాను. ముందు ఆయన తమ్ముడు క్లారినెట్టు పట్టుకుని తప్పుల తడకగా లాగిస్తున్నాడు. మాస్టారు జరీ అంచు కోటులోనే, చివరి వరసలో, పెద్ద డ్రమ్ము మోసుకుంటూ కొడుతున్నాడు. తల పైకెత్తలేదు. కుర్చీలో ఉన్న పేషెంటు "ఏంటండీ చూస్తున్నారు?" అంటే, "ఏం లేదు, పెళ్ళి" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పెట్టి తీసే పన్ను క్లారినెట్టుకి పనికిరాదు, జారిపోతుంది. పక్కపళ్ళని ఆధారం చేసుకుని శాశ్వతంగా అతికించే బ్రిడ్జి చెయ్యాలి. అది క్లినిక్కులోనే సాధ్యం. పెద్ద డాక్టరు గారిని అడిగాను.

"ఒకడికి ఊరికే చేస్తే రేపు వన్‌టౌనంతా నా గుమ్మంలో ఉంటుంది. కుదరదు" అన్నారు.

"ఆదివారాలు, తలుపులు మూసి, నేనే చేసుకుంటాను సార్. సామాను నాది."

ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టారు. దాంతో పాటు ఇంకో మాట కూడా అన్నారు. "చూడు, నీకు చెయ్యి మంచిది. కానీ ప్రైవేటు ప్రాక్టీసుకి చెయ్యి ఒక్కటే చాలదు. భాగస్వామ్యం సంగతి ఇక మర్చిపో." నెల తిరగకుండానే నా తర్వాత బ్యాచి కుర్రడాక్టరు ఆ మూడో వంతులో చేరాడు. తర్వాత మూడంతస్తుల భవనం కట్టాడు. బాగానే కట్టాడు.

నేను సర్కారులో ఉండిపోయింది ఇలాగ. త్యాగమనుకునేరు, సన్మానాల్లో అలాగే చెబుతారు. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు, అంతే.

మూడు ఆదివారాలు పట్టింది. బ్రిడ్జి అతికించిన రోజు మాస్టారు క్లారినెట్టు తెచ్చుకున్నాడు. మూసిన క్లినిక్కులో, కుర్చీలోనే కూర్చుని ఊదాడు. మొదట గాలి, తర్వాత కీచు, ఆ తర్వాత స్వరం. రెండు నెలల సాధన మీద మళ్ళీ బ్యాండుకి ముందు నడిచాడు. పై స్వరాలు మాత్రం పూర్వంలా రాలేదు. "కట్టిన పంటికి ప్రాణం ఉండదు గదండీ, కింద మూతిముక్క అదురు తెలీట్లేదు" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. అప్పటికీ వన్‌టౌన్‌లో కనబడ్డవాళ్ళకల్లా నన్ను చూపించి, ఊరికే పన్ను కట్టిన డాక్టరు గారని చెప్పేవాడు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

వరస మానేశానా అని మీరు అడుగుతారు. వారం రోజులు మానేశాను. ఒక్కొక్కరినే పిలిచి, పేరడిగి, కూర్చోబెట్టి చూశాను. కొల్లేటి ఆడవాళ్ళు మధ్యాహ్నం బస్సు తప్పిపోతోందని గోల పెట్టారు. సూపరింటెండెంటు గారు గడిలో అంకె తగ్గిందేమని సంజాయిషీ అడిగారు. ఎనిమిదో రోజు బెంచీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. పటకారు పెట్టేముందు మొహం చూసి, "ఏ పన్ను?" అని వాళ్ళ నోటితోనే చెప్పించేవాణ్ణి. దానికే పూటకి ఒక వరస తగ్గింది, ప్రమోషను నాలుగేళ్ళు ఆలస్యమైంది.

రెండేళ్ళకి బందరు వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు ఆ పన్ను గురించి నిజం చెప్పకుండా పోవడం నా వల్ల కాలేదు. వన్‌టౌన్‌లో మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇరుకు సందు, గోడకి వరసగా బ్యాండు కోట్లు తగిలించి ఉన్నాయి. నన్ను చూసి కంగారుపడి, మంచం మీద దుప్పటి మార్చి కూర్చోబెట్టాడు. లోపలి నుంచి చాయ్ వచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాను.

"మాస్టారూ, మీ పన్ను తనంతట తను రాలేదు. మీరు కట్టించుకోవడానికి వచ్చారని మర్చిపోయాను. వరసలో పీకేశాను. తొందరలో ఉన్నాను. అబద్ధం చెప్పాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. చాయ్ గ్లాసు నా చేతి నుంచి తీసుకుని పక్కన పెట్టాడు.

"తెలుసండీ."

"తెలుసా?"

"నా ముందు ఏడుగురికి పీకడం చూస్తానే ఉన్నా గదండీ. నా దగ్గరికొచ్చి అదే పటకారు ఎత్తారు. అనుమానం రాలేదంటే అబద్ధం."

"మరి నా చెయ్యి పట్టుకోలేదేం? ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది!" నా గొంతు లేచింది. తప్పు నాది, కోపం కూడా నాదే.

"ఎట్టా అంటానండీ? గవర్నర్‌పేటలో ఫీజు కట్టి కూర్చుంటే అనేవాణ్ణి. ఏంటయ్యా, నేను చెప్పిందేంటి నువ్వు చేసేదేంటి అని లేచి నిలబడేవాణ్ణి. అది ధర్మాసుపత్రి. ఊరికే చేసేచోట నోరు తెరవమంటే తెరుస్తాం గానీ, నోరెత్తుతామాండీ?"

"ఊరికే ఏమిటి మాస్టారూ? నాకు నెలనెలా జీతం ఇస్తున్నారు. మీ బోటి వాళ్ళందరూ ఇచ్చేదే అది."

ఆయన నవ్వాడు. నేను కట్టిన పన్ను మిగతా వాటికంటే కొంచెం తెల్లగా కనబడింది.

"మీ జీతం మేమిచ్చేదని మాకెప్పుడూ అనిపించలేదండీ. మీకు అనిపించిందా?"

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఆ జీతమే తీసుకున్నాను. ప్రతి ఒకటో తారీఖునా ఆ మాట గుర్తొచ్చిందంటే అబద్ధమవుతుంది. చాలా ఒకటో తారీఖుల్లో గుర్తొచ్చింది.